పురిటింటికి పడవ

గంగమ్మ తల్లి ఆడది. పడవకి పెట్టుకునే పేరు ఆడపేరు. మరి ఆడమనిషి కాలు పెడితే పడవకి ఏమవుతుంది?

ఈ సందేహం గంగరత్నానికి కొత్తకోడలిగా నిజాంపట్నం పక్కన పల్లెపాలేనికి కాపురానికి వచ్చిన నెలలోనే పుట్టింది. కొడుకు ఉద్యోగస్తుడయ్యాక, కూతురికి పెళ్ళి చేసి బాపట్ల పంపాక కూడా పోలేదు. ఆ మొదటి రోజుల్లోనే అత్తగారు ఆమె చేతిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె పెట్టి, కాలవలో కట్టేసిన పడవ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మోకాలి లోతులో నిలబడి దాని ముక్కుకి బొట్టు పెట్టు. చెయ్యి తగలొచ్చు, కాలు తగలకూడదు. పడవంటే నీకు సవతి అనుకో, తోడికోడలనుకో, నీ ఇష్టం. నీ మొగుణ్ణి రోజూ తీసుకెళ్ళేది అదే, తెచ్చి నీకు అప్పజెప్పేదీ అదే. దాని మీద పెత్తనానికి మాత్రం వెళ్ళకు" అంది.

గంగరత్నం వెళ్ళలేదు. వేటకి బయల్దేరే ప్రతి మంచిరోజునా చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగేది, పడవ ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వెనక్కి నడిచి ఒడ్డెక్కేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అంతే. చేపలు ఏరతారు, ఎండబెడతారు, తట్టలకెత్తుకుని ఊళ్ళు తిరుగుతారు. పడవెక్కరు. ఎందుకని గుడి పూజారిని ఒకసారి అడిగింది. "పెద్దలు పెట్టారమ్మా" అన్నాడు ఆయన. గంగమ్మనే అడిగితే పసుపు ముఖంలోంచి నవ్వుతున్నట్టే ఉండేది గానీ జవాబు చెప్పేది కాదు. సందేహం ఉన్నంతమాత్రాన దణ్ణం పెట్టడం మానుకోవాలని ఎక్కడా లేదు కదా. ముందు దణ్ణం పెట్టేది, తరవాత అడిగేది.

ఈ ఏడు సర్కారు వేట నిషేధం మొదలై, బోట్లన్నీ ఒడ్డుకు చేరి, మగాళ్ళంతా నీడపట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న రోజుల్లో కొడుకు ప్రేమ్‌కుమార్ నుంచి ఫోనొచ్చింది. అతను కొచ్చి నుంచి నడిచే ఒక విహారయాత్రల ఓడలో పనిచేస్తాడు.

"అమ్మా, నాన్న పక్కనే ఉన్నాడా? స్పీకర్ పెట్టు."

"పెట్టాన్రా. ఏంటి, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ముందు ఇద్దరూ కూర్చోండి."

"కూర్చునే ఉన్నాంరా! చెప్పు, గుండె ఆగిపోయేట్టుంది."

"మా ఓడ ఎక్కుతారా?"

సీజను చివర్లో ఖాళీగా ఉన్న గదుల్ని ఓడలో పనిచేసేవాళ్ళ ఇళ్ళవాళ్ళకి ఇస్తారట. అమ్మా నాన్నలతోపాటు అక్కని కూడా రమ్మన్నాడు. కొచ్చిలో ఎక్కితే ఓడ లక్షద్వీపాల వైపు వెళ్ళి, ఒక చిన్న దీవి దగ్గర ఒక పూట ఆగుతుంది. పొద్దున టిఫిన్లయ్యాక దింపి, మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఎక్కించుకుంటారు. దీవి మొత్తానికి ఒక రిసార్టు, కొన్ని కొబ్బరిచెట్లు, చివర్లో పడవలవాళ్ళ గుడిసెలు కొన్ని.

"ఎంతుంటుందిరా ఆ దీవి?" అడిగాడు నాంచారయ్య, గంగరత్నం భర్త. చేతిలో వల అల్లే పుల్ల అలాగే ఉంది.

"ఈ చివర నువ్వు తుమ్మితే ఆ చివర వాళ్ళు నూరేళ్ళంటారు నాన్నా. దాని చుట్టూ లోతు లేదు, అందుకని ఓడ దూరంగా ఆగుద్ది. చిన్న బోట్లలో జనాన్ని దింపుతాం. ఆ రోజు ఒక బోటు నడిపేది నేనే. అడిగి మరీ వేయించుకున్నా. మిమ్మల్ని నా చేతుల్తో దీవిలో దించుతా."

ఆ సంతోషంలో చిన్న బోటు అన్న మాట గంగరత్నం చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. సాయంత్రానికి సగం పాలెం వాకిట్లో ఉంది. ఓడలో స్నానాలగది ఉంటుందా, అన్నం పెడతారా, రొట్టెలేనా, వాంతులైతే ఎటు వైపు చేసుకోవాలి అని తలా ఒక ప్రశ్న. నాంచారయ్య అన్నిటికీ ఓడ తనదే అయినట్టు జవాబు చెప్పాడు.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కి బాపట్ల వెళ్ళారు. కూతురు పద్మజ అక్కడ బట్టలు కుడుతుంది, ఆమె భర్త సూర్యలంక బీచిలో కొబ్బరిబొండాలు అమ్ముతాడు. పద్మజ అప్పటికే ముందుగది ఊడ్చి, ముగ్గుపిండితో నేల మీద కోడిగుడ్డు ఆకారంలో పెద్ద గుండ్రం గీసి కూర్చుంది.

"ఇదీ దీవి. ఎవరూ తొక్కకండి. ఇదిగో, ఇక్కడ దిగుతాం" అని ఒక చింతగింజ పెట్టింది. "ఉన్నది ఒక్క పూట. అటూ ఇటూ తిరుగుతూ కూర్చుంటే ఏదీ చూడకుండానే ఓడెక్కాల్సొస్తుంది. అందుకే ప్లాను. ముందు, టిఫిన్ ఓడలోనే కడుపునిండా తినాలి. దీవిలో కాఫీ కూడా మనం కొనగలిగేట్టు ఉండదంట."

"నేను ప్లాస్కులో పోసుకొస్తా" అంది గంగరత్నం.

"ప్లాస్కు సరే. పచ్చడి జాడీ మాత్రం తేకు."

"చిన్న జాడీయేనే."

"అమ్మా!"

"సరే, సీసాలో పోస్తా."

పద్మజ రెండో గింజ పెట్టింది. "ఇక్కడ అడుగున అద్దం ఉన్న బోటు ఉంటుందంట. కూర్చుంటే కింద చేపలు కనబడతాయి."

"చేపల్ని చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా?" నాంచారయ్య నవ్వాడు. "మనం జన్మంతా చూసింది చచ్చినవాటినే గదా అంటావా? అదీ నిజమే. బతికి తిరిగేవాటిని చూద్దాం. కానీ నన్ను ఇదిగో, ఇక్కడ వదిలిపెట్టండి." గుండ్రం చివర ఆయన అగ్గిపెట్టె పెట్టాడు. "ఆ దీవుల వాళ్ళు వల వెయ్యరంట. పెద్ద పెద్ద చేపల్ని గెడకర్రకి గాలం కట్టి ఒక్కోదాన్నీ ఎగరేసి పడవలో పడేస్తారంట. అది చూడాలి."

"నువ్వక్కడ కబుర్లకి కూర్చుంటే ఓడ వెళ్ళిపోద్ది నాన్నా."

"పోతే పోనీ. వాళ్ళతో వేటకెళ్ళి బతికేస్తా. మీ అమ్మని నువ్వు చూసుకో."

"ఆహా, అక్కడ ఇంకోదాన్ని కట్టుకుంటావా?" అంది గంగరత్నం.

"నిన్ను భరించినవాడికి ఇంకో పెళ్ళి చేసుకునే ధైర్యం ఎక్కడిదే?"

నవ్వులయ్యాక పద్మజ తల్లి వైపు తిరిగింది. "మరి నీకేం కావాలో చెప్పమ్మా. నీ గింజ ఎక్కడ?"

గంగరత్నం అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. గుండ్రం అంచున, నీళ్ళు తగిలే చోట, ఒక గింజ పెట్టింది. "నాకు ఇక్కడ కాసేపు చాలు. మనది తూర్పు సముద్రం. అది పడమటి సముద్రం. ఆ తల్లి మనల్ని ఎప్పుడూ చూడలేదు. ఫోటోలు దిగి, చేతులూపుకుంటూ వచ్చేస్తే ఏమనుకుంటుంది? పసుపు కుంకుమలిచ్చి, మేం ఫలానా ఊరి వాళ్ళం, మా వాడు నీ దగ్గర పనిచేస్తున్నాడు, కనిపెట్టుకుని ఉండు అని చెప్పి రావాలి."

"గంగమ్మ ఒక్కతే గదమ్మా?"

"ఒక్కతే. అయినా ఒక్కో రేవుకి ఒక్కో మర్యాద ఉంటుంది."

పద్మజ ఒప్పుకుంది. అయితే ముందు మొక్కు, తరవాత అద్దాల బోటు, ఆ తరవాత నాన్న గాలాలు, మధ్యలో ఎక్కడ బాగుంటే అక్కడ ఫోటోలు. మధ్యాహ్నం ఆమె పిల్లి వచ్చి దీవి మీద పడుకుని, లేచి ఒళ్ళు దులుపుకునేసరికి సగం దీవి దాని తోక మీదే ఉంది. అయినా ప్లాను ముగ్గురికీ కంఠతా వచ్చేసింది.

మంగళవారం గంగరత్నం ఎండురొయ్యలు పట్టుకుని రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళింది. వేట లేని రోజుల్లో ఆమె వాడుక ఇళ్ళకి ఎండుచేపలే పట్టుకెళ్తుంది. నందివెలుగు రోడ్డులో ఉండే హైమావతిగారి ఇల్లు వాటిల్లో పాతది. హైమావతిగారికి చుండూరు దగ్గర పొలాలున్నాయి. మనిషి మంచిది. కాకపోతే ఎవరింట్లో ఏ శుభకార్యమైనా తనే పెద్దరికం వహించాలనుకుంటుంది.

"ఓడెక్కుతున్నావా! ఏవండీ, విన్నారా, మన రత్నమ్మ ఓడెక్కుతుందంట!" అని లోపలికి కేకేసింది. లోపల్నుంచి భర్త కోటేశ్వరరావుగారు "రొయ్యలు తెచ్చిందా?" అన్నారు.

"ఈయనకి ఆ గొడవే గానీ... నువ్వు రా అమ్మా, కూర్చో." బీరువా తీసి, వెడల్పాటి అంచున్న టోపీ ఒకటి పట్టుకొచ్చింది. "మా అమ్మాయి బిందు కొని ఒక్కసారన్నా పెట్టుకోలేదు. దీవిలో ఎండకి పెట్టుకో."

"నేను టోపీ ఏంటి పిన్నిగారూ! కొప్పు మీద నిలబడుద్దా?"

"కొప్పు కిందకి వేసుకో. ఫోటోలో బాగుంటావు." టోపీ తనే పెట్టి, దూరం జరిగి చూసి, మురిసిపోయింది. "మేం వైజాగులో ఓసారి బోటెక్కితే నేను కళ్ళు మూసుకుని విష్ణుసహస్రనామం చదువుతూ కూర్చున్నా. నీకేంటి, పడవలోనే పుట్టి పెరిగినదానివి. నీకు భయమేముంది?"

గంగరత్నం నవ్వి ఊరుకుంది. నేనెప్పుడూ పడవెక్కలేదు పిన్నిగారూ అందామనుకుంది. కానీ ఆ మాట నోటిదాకా వచ్చి, ఎందుకో అక్కడే ఆగిపోయింది.

తిరుగు రైలు వేమూరు దాటుతుండగా ఫోను మోగింది. ప్రేమ్‌కుమార్ వీడియో పంపాడు. 'దిగేటప్పుడు ఇలా ఉంటుందమ్మా, చూసి పెట్టుకో' అని దాంతోపాటు అతని వాయిస్ మెసేజి. ఇనుపమేడ లాంటి ఓడ పక్కన ఒక తలుపు. తలుపు దగ్గర తెల్లబట్టల కుర్రాళ్ళు. కింద చిన్న బోటు లేస్తోంది, పడుతోంది. ఒక్కొక్కళ్ళ మోచెయ్యి పట్టుకుని, బోటు పైకి లేచిన క్షణం చూసి దాటిస్తున్నారు. బోటు వెనక ప్రేమ్‌కుమార్ నిలబడి ఉన్నాడు, నల్లబడ్డాడు, నవ్వుతున్నాడు. తరవాత వీడియో తీస్తున్న ఫోను బోటు ముందువైపు తిరిగింది. తెల్లటి ముక్కు మీద ఎర్రగా ఒక చుక్క.

గంగరత్నం వీడియో ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసింది. కుంకుమ బొట్టు. అంత దూరంలో, ఎవరి బోటుకో, తన కొడుకు తను పెట్టినట్టే బొట్టు పెట్టుకుంటున్నాడు.

ఆమెకి ముందు కళ్ళు చెమర్చాయి. భట్టిప్రోలు వచ్చేసరికి భయం పట్టుకుంది.

ఓడంటే సరే. అది ఒక ఊరు లాంటిది, మెట్లూ గదులూ ఉన్న మేడ. దాన్ని పడవనడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు. కానీ ఈ చిన్నది పడవే. బొట్టు పెట్టుకున్న పడవ. కొడుకు ప్రాణం దాని మీద ఉంది. ఇన్నేళ్ళూ తన సందేహం తన దగ్గరే ఉంది, దాన్ని పరీక్షించాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు పరీక్షించడానికి దొరికింది కొడుకు పడవా?

ఇంటికెళ్ళి, టోపీ చిలక్కొయ్యకి తగిలించి, భర్తకి అన్నం పెడుతూ చెప్పింది. "నేను ఓడ దాకా వస్తా మావా. దీవిలో మీరు దిగి రండి. నేను ఓడలోనే కూర్చుని మీ కోసం చూస్తుంటా."

నాంచారయ్యకి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమయ్యి, చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. నిజమే. ఇంటిల్లిపాదీ సముద్రం మీద బతికినవాళ్ళు. ముగ్గుపిండితో దీవి గీశారు, కాఫీ ప్లాస్కు దాకా ఆలోచించారు. ఇంటి ఆడమనిషి ఎప్పుడూ పడవెక్కలేదని ఒక్కళ్ళకీ తట్టలేదు.

ఫోనులో పద్మజ ముందు నవ్వింది, తరవాత మండిపడింది. "అమ్మా, నేను సూర్యలంకలో ఎన్నిసార్లు బోటెక్కలేదు? ఆ బోటేమన్నా మునిగిందా?"

"అది షికారు బోటే. దానికి బొట్టు పెట్టేవాళ్ళు లేరు."

ప్రేమ్‌కుమార్ నెమ్మదిగా చెప్పి చూశాడు. "అమ్మా, నా బోటులో రోజూ ఎంతమంది ఆడవాళ్ళు ఎక్కి దిగుతారో తెలుసా? మా బోటు ఇంజను బాగుచేసేది కూడా ఆడపిల్లే."

"వాళ్ళెవరూ నీ అమ్మలు కారుగా నాయనా."

"నిన్ను దించాలనే ఆ డ్యూటీ వేయించుకున్నానమ్మా" అన్నాడు. ఆ మాటకి గంగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దీవి చూడాలని ఆమెకి లేదా? పడుకున్నా, లేచినా, ముగ్గుపిండి గుండ్రం అంచున తను పెట్టిన గింజే కళ్ళ ముందు కనబడుతోంది. అక్కడ నిలబడాలని ఉంది. కానీ అక్కడికి చేర్చేది కొడుకు పడవ.

మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో రొయ్యలు ఎండబోస్తుంటే నాంచారయ్య పక్కన చతికిలబడ్డాడు. తనూ నాలుగు గుప్పిళ్ళు ఎండలో పరిచాడు.

"మన పెళ్ళైన కొత్తలో నన్నొకటి అడిగావు, గుర్తుందా?" అన్నాడు.

ఆమెకి గుర్తుంది. అయినా "ఏంటి?" అంది.

"ఇక్కడ నీళ్ళు టీ రంగులో ఉంటాయి, దూరం వెళ్తే నీలంగా ఉంటాయని చెప్పా. అయితే ఆ నీలి నీళ్ళు నాకొకసారి చూపించు మావా అన్నావు. పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్ళి చూపిస్తానని నీ చేతిలో చెయ్యేశా."

"అప్పుడు మీ నాన్న ఉన్నాడు. ఎలా తీసుకెళ్తావులే."

"మా నాన్న పోయాక కూడా తీసుకెళ్ళలేదుగా. పిల్లలు, ఉప్పెనలు, వేటలు... నువ్వు మళ్ళీ అడగలేదు. నువ్వడగలేదు గదా అని నేను ఊరుకున్నా." రొయ్యల మీద వాలిన కాకిని అదిలించాడు. "ఆ బాకీ అలాగే ఉంది రత్నం. ఇప్పుడు కొడుకు చూపిస్తానంటుంటే, అదీ నీకు లేకుండా పోతోంది."

ఆయన లేచి వల దగ్గరికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం. ఆమె గంగమ్మ పటం ముందు దీపం పెట్టి కూర్చుంది. అడగాల్సింది అడిగింది. తల్లి ఎప్పటిలాగే నవ్వింది. బయట అరుగు మీద నాంచారయ్య ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. రేపల్లె హోటలు వాళ్ళు కాబోలు, పచ్చిచేపలు కావాలంటున్నారు.

"లేదండి, ఇప్పుడు దొరకవండి. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. జూన్ దాకా మగాళ్ళెవరూ వేటకెళ్ళరండి."

గంగరత్నం ఒత్తి సరిచేస్తున్న చెయ్యి ఆపింది.

గుడ్లు పెట్టే కాలం. మగాళ్ళు వెళ్ళని కాలం. ఈ మాటలు ఏటా వింటూనే ఉంది. ఇవాళ దీపం ముందు కూర్చుని వింటే ఇంకోలా వినబడ్డాయి. ఆమె గబగబా బయటికొచ్చింది.

"మావా, పురిటింట్లోకి మగాళ్ళు వెళ్తారా?"

"ఎవరింట్లో పురుడు?"

"అది తరవాత. వెళ్తారా?"

"వెళ్ళరు. గుమ్మం బయటే ఉంటారు."

"మరి ఎవరెళ్తారు?"

"ఆడవాళ్ళే. ఏంటే పొద్దున్నే?"

"గంగమ్మ కడుపులో ఉన్న చేపలన్నీ ఇప్పుడు పిల్లలు పెడుతున్నాయి. అంటే ఆ తల్లి పురిట్లో ఉన్నట్టే గదా? మగాళ్ళందరూ గుమ్మం బయట ఒడ్డున కూర్చున్నారు, బాగానే ఉంది. ఇన్నేళ్ళలో ఆడది ఒక్కతన్నా వెళ్ళి పలకరించిందా ఆవిణ్ణి? వేటకెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు పడవెక్కకూడదన్నారు పెద్దలు. ఒప్పుకుంటా. పురుడు చూడ్డానికి వెళ్ళకూడదని ఎవరన్నా అన్నారా?"

నాంచారయ్య ఫోను అరుగు మీద పెట్టేశాడు.

"అనలేదు" అన్నాడు.

"మరి నన్ను తీసుకెళ్ళు. నీ పడవలో. కొడుకు పడవ మీద కాలు పెట్టేముందు, ఆ తల్లి ఒప్పుకుంటుందో లేదో నీ పడవ మీద తేల్చుకుంటా."

"నేను మగాణ్ణి గదే, పురిటింటికి?"

"నువ్వు బండివాడివి. గుమ్మం దాకా దిగబెట్టు."

ఆ పూటంతా ఆ ఇంట్లో ఒక పెళ్ళిసందడి. బాలింతకి పెట్టినట్టే శొంఠి, మిరియాలు దంచి, బెల్లంతో కాయం ముద్దలు కట్టింది గంగరత్నం. రవికలగుడ్డ, తమలపాకులు, పసుపుకొమ్ములు పళ్ళెంలో సర్దింది. నాంచారయ్య కాలవలో కట్టేసి ఉన్న తన పాత చెక్కపడవని ఒడ్డుకు లాగి, కడిగి, పగుళ్ళు చూసుకుని, అటక మీద మడతపెట్టి ఉన్న తెరచాప దించాడు. ఇంజను లేని పడవ. దాంతో వేటకెళ్ళడం మానేసి చాలా కాలమైంది.

మర్నాడు బాపట్ల నుంచి మొదటి బస్సుకే పద్మజ దిగింది. "ఇదీ అసలైన ప్లాను! దీవిలో దిగడానికి రిహార్సలు" అని చేతులు రుద్దుకుంది. కాలవగట్టున సిమెంటు మెట్టు మీద నిలబడి, దుపట్టా నడుముకి బిగించి, "నాన్నా, నువ్వు తమ్ముడివి, పడవలో నిలబడు. నేను తెల్లబట్టల కుర్రాణ్ణి. ఇది ఓడ తలుపు. నెక్స్ట్ ప్యాసింజర్, ప్లీజ్!" అంది.

గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు పనాపి చూస్తున్నారు. వాళ్ళలో పెద్దవాడు పున్నారావు కేకేశాడు. "ఏంటి నాంచారయ్యా, సర్కారు చేపల్ని పట్టొద్దంటే పెళ్ళాన్ని పట్టుకెళ్తున్నావా?"

"బావా, మా ఆవిడ గంగమ్మ పురుడు చూడ్డానికెళ్తోంది. నీకేమన్నా అభ్యంతరమా?"

పున్నారావు ఆ మాటని నములుతున్నట్టు దవడ కదిపాడు. తరవాత పక్కకి తిరిగి తన భార్యతో, "ఏమే, మనింట్లో శొంఠి ఉందా?" అన్నాడు. ఆమె ఇంటికి పరిగెత్తి, ఉన్న శొంఠి కొమ్ములు తెచ్చి గంగరత్నం పళ్ళెంలో పెట్టింది. "నేను కూడా ఇచ్చానని చెప్పు వదినా" అంది. వెనకే ఇంకో ఇద్దరు తమలపాకులతో వచ్చారు.

గంగరత్నం మెట్టు అంచున నిలబడింది. ఎప్పటిలా మోకాలి లోతులో కాదు, పైన. పడవ లేస్తోంది, పడుతోంది. కాలు ఎత్తింది, దించేసింది.

"పైకి లేచినప్పుడు దాటాలమ్మా. నేను చెప్తాగా" అంది పద్మజ మోచెయ్యి పట్టుకుని.

తల్లీ, తప్పైతే నాది, పడవది కాదు, అనుకుంది గంగరత్నం. పడవ పైకి లేచింది. అడుగేసింది.

ఇన్నేళ్ళూ చేత్తో తాకిన చెక్క అరికాలికి వేరేగా తగిలింది. చల్లగా, తడిగా, బతికి ఉన్నట్టుగా. పడవ ఒక పక్కకి ఒరిగింది, నాంచారయ్య భుజం పట్టుకున్నాడు, మళ్ళీ సర్దుకుంది. అంతే. పైన ఒక కొంగ ఎగిరిపోయింది. గట్టు మీద ఆడవాళ్ళు ఊపిరి వదిలారు. పద్మజ ఎగిరి గంతేసి, వీడియో తియ్యడం మర్చిపోయానని తల కొట్టుకుంది.

"మళ్ళీ ఎక్కమ్మా, ఒక్కసారి!"

"ఎందుకే, దీవి దగ్గర మీ తమ్ముడే తీస్తాడు" అంది గంగరత్నం. తన నోటి నుంచే వచ్చిన ఆ మాట విని తనే ఆశ్చర్యపోయింది.

పద్మజ గట్టునే ఉండిపోయింది. కాలవ సముద్రంలో కలిసే మొగ దాటాక నాంచారయ్య తెరచాప ఎత్తాడు. పొద్దుటి గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి వీస్తోంది. గంగరత్నం పసుపు, కుంకుమ, కాయం ముద్దలు, శొంఠి కొమ్ములు ఒక్కొక్కటే నీళ్ళలో వదిలింది. ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ చెప్పింది. "మా వాడు పడమటి రేవులో ఉన్నాడు. అక్కడి నుంచి కూడా నువ్వే చూస్తుంటావుగా. వాడి పడవలో కూర్చుంటా, ఏమనుకోకు" అని చెంపలేసుకుంది. ఒక అల వచ్చి పడవని కొంచెం పైకెత్తి, దించి, వెళ్ళిపోయింది.

తరవాత ఆమెకి మాటలు ఆగలేదు. "మావా, దీవిలో ముందు దిగేది నేనే. పద్మజ ఫోటోలు తరవాత. హైమమ్మగారి టోపీ పెట్టుకునే దిగుతా, నవ్వితే నవ్వుకోండి. నీ గాలాల దగ్గరికి నేనూ వస్తా, వాళ్ళ ఆడవాళ్ళు పడవెక్కుతారో లేదో అడగాలి. అవునూ, వాళ్ళ భాష మనకి రాదుగా?"

"చేపల దగ్గర భాషెందుకే."

"ఆడవాళ్ళని అడగడానికి కావాలిగా. వాడికి వచ్చేమో, వాడిచేత అడిగిస్తా. ఇక తిప్పుతావా? పొద్దెక్కింది."

నాంచారయ్య తిప్పలేదు. చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఒడ్డున ఉన్న తాటిచెట్లు గడ్డిపరకలంతయ్యాయి. నీళ్ళు టీ రంగు నుంచి చెరుకురసం రంగులోకి, దాన్నుంచి ఆకుపచ్చలోకి మారాయి. ఇంకా ముందు, చీర అంచు గీసినట్టు, ఒక గీత కనబడింది. గీతకి ఇటు ఒక రంగు, అటు ఒక రంగు. పడవ ఆ గీత దాటింది.

ఆయన తెరచాప తాడు సడలించాడు. పడవ ఆగి మెల్లగా ఊగుతోంది. చుట్టూ ఎటు చూసినా నీలం, అడుగు తెలియనంత చిక్కటి నీలం, ఎండ పడిన చోట వెలుగుతున్న నీలం. గంగరత్నం వంగి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. గాజులు కిందకి జారి నీళ్ళలో మెరిశాయి.

"ఇదే" అన్నాడు నాంచారయ్య. "నువ్వడిగింది ఇదే రత్నం. ఇప్పటికి తీర్చా."